అమావాస్య బ్రేకులు

14 ఆగస్టు 1991, బుధవారం. గద్వాల.

జీపు బ్రేకులు పట్టేశాయి. పెబ్బేరు దాటాక చక్రాలు వాటంతటవే బిగుసుకున్నాయట. పెడల్ రాయిలా గట్టిపడిందట. డ్రైవరు జయరాజు బ్రేకు డ్రమ్ము మీద నీళ్ళు పోస్తే సుయ్యిమని ఆవిరి లేచిందట. గంటసేపు ఆపితే చల్లబడి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడిచింది. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మా స్కూల్లో పిల్లలు కూడా సరిగ్గా ఇలాగే ప్రవర్తించేవారు.

ఈ జీపు నేను రిటైరైన ఏడు కొన్న పాత బండి. మా అబ్బాయి కురుమూర్తి ఇందులోనే వనపర్తి, నాగర్‌కర్నూలు దుకాణాలకు చీరలు వేస్తాడు. నడిపేది జయరాజు. ఇటిక్యాల మనిషి. అంతకుముందు ఏటా దీపావళి కాగానే భార్య సత్తెమ్మతో మట్టిపనికి బొంబాయి వైపు వలస పోయేవాడు. ఈ జీపు వచ్చాక మూడేళ్ళుగా పోలేదు. స్టీరింగు పట్టినంకనే సత్తి నన్ను మనిషి లెక్క చూస్తుంది టీచరమ్మా, అన్నాడు ఒకసారి.

బండి పాతదైంది, గంతేనమ్మా, అన్నాడు కురుమూర్తి. నేను ఒప్పుకోలేదు. కారణం లేకుండా జబ్బు పడటం మనుషుల అలవాటు, యంత్రాలది కాదు. ఇకనుంచి ప్రతిసారీ ఈ డైరీలో రాస్తాను.

16 ఆగస్టు.

బస్టాండు దగ్గరి మెకానిక్ రబ్బర్లు మార్చాడు. పాస్కల్ సూత్రం అతనికి గుర్తుచేశాను. పెడల్ తొక్కితే నూనె మీద ఒత్తిడి, నూనె పోయి రబ్బరును తోస్తుంది, రబ్బరు పోయి బ్రేకు చెక్కను తోస్తుంది. ఇరవై ఏడేళ్ళు బోర్డు మీద గీసిన బొమ్మే. వెనక బెంచీ పిల్లాడిలా తల ఊపాడు. ఆ ఊపు నాకు బాగా తెలుసు.

మా ఆయన మగ్గం మీద నాకోసం చీర నేస్తున్నాడు. గంధం రంగు, ఎర్ర పట్టు అంచు. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో దుకాణానికి కాకుండా నాకని మొదలుపెట్టింది ఇది మూడోదో నాలుగోదో. ఎందుకిప్పుడు అంటే, ఊకెనే, అన్నాడు. శంకరయ్య అనే మనిషి నోట ఒకేసారి రెండు మాటలు వస్తే ఆ రోజు పండగే.

2 సెప్టెంబరు.

బ్రేకులు బాగున్నాయి. జయరాజు బాగున్నాడు. కోడలు చేసిన వంకాయ కూర బాగాలేదు.

8 సెప్టెంబరు, ఆదివారం.

అమావాస్య. మగ్గానికి సెలవు. పొద్దుటినుంచి ఆయన ముక్కు పొడుగు నూనె క్యాను పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. మగ్గం మీది జకార్డు పెట్టెకు, నా కుట్టు మిషనుకు, తలుపు బందులకు, మనవరాలు బాలమణి సైకిలుకు. నూనె వేసినదానికల్లా కుంకుమ బొట్టు. ప్రతి అమావాస్యకూ ఇదే తంతు. పనిచేసే వస్తువుకు నెలకొక దినం మర్యాద చెయ్యాలట. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నా ఎర్ర పెన్నుకూ బొట్టు పెట్టాడు. నాకు మాత్రం పెళ్ళినాడు పెట్టిందే.

13 సెప్టెంబరు, శుక్రవారం.

మళ్ళీ పట్టేశాయి. ఈసారి బిజినేపల్లి దగ్గర. కొత్త రబ్బర్లకు నెల కూడా నిండలేదు.

కోడలు లలితమ్మ సంగతి తేల్చేసింది. అత్తమ్మా, అమాస పోయినంక వారం దాక బండి బయటికి తియ్యొద్దు, నేను ముందుగాలనే చెప్పిన, అంది. చంద్రుడు సముద్రాన్ని లాగుతాడమ్మా, బ్రేకు డ్రమ్మును లాగడు, అన్నాను. మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

16 సెప్టెంబరు.

రబ్బర్లు మళ్ళీ మార్చారు. దుమ్ము పోయిందంటాడు మెకానిక్. దుమ్ము పాలమూరులో ఏ బండికి పోదు?

పట్టిక గీశాను. తేదీ, చోటు, ఎండ, బరువు, ఎన్ని మైళ్ళు నడిచాక, నడిపింది ఎవరు. అన్ని గడులూ మారుతున్నాయి, చివరిది తప్ప. కానీ రెండు కేసులతో సూత్రం కట్టకూడదు. పిల్లలకు అదే చెప్పేదాన్ని.

11 అక్టోబరు, శుక్రవారం. సాయంత్రం ఆరు.

కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

వనపర్తి నుంచి వస్తున్నాం. నేను, బాలమణి, జయరాజు. బతుకమ్మకని దారిలో తంగేడు పూలు కోసుకున్నాం, వెనక సీటు నిండా అవే. చక్రాల నుంచి కాలిన వాసన వచ్చింది. ఆపుతా టీచరమ్మా, అని జయరాజు అంటుండగానే పెడల్ ఒక్కసారిగా నేలకు తగిలింది. బీచుపల్లి వంతెన ముందరి దిగుడు. ఎదురుగా లారీ. అతను అరవలేదు. గేరు తగ్గించి, ఇంకా తగ్గించి, రోడ్డు పక్క కంకర కుప్ప మీదికి ఎక్కించాడు. జీపు పక్కకు ఒరిగి ఆగింది. బాలమణి ఒళ్ళంతా పూలు. దిగి మొదట దాని కాళ్ళు చేతులు తడిమి చూసింది జయరాజే. తర్వాత రాళ్ళు ఏరి చక్రాల కింద అడ్డం పెట్టాడు.

12 అక్టోబరు, శనివారం.

కురుమూర్తి వనపర్తి నుంచి ఖాజా మేస్త్రీని పిలిపించాడు. ముసలాయన. మాట్లాడేముందు చూసే రకం. డ్రైవరు కాళ్ళకింది రేకు ఎత్తి, బ్రేకు నూనె డబ్బా మూత తిప్పి, వేలు ముంచి వాసన చూశాడు. తర్వాత చక్రం విప్పి లోపలి రబ్బరు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఇడ్లీలా ఉబ్బి ఉంది.

గిది బ్రేక్ నూనె కాదమ్మా, అన్నాడు. ఎవలో దీంట్ల వేరే నూనె కలుపుతుండ్రు. గీ రబ్బరుకు అది పడదు, ఉబ్బుతది. ఉబ్బితే పోయిన నూనె ఎనుకకు రాదు, బ్రేకులు పట్టినయి పట్టినట్టే ఉంటయి. కాలి కాలి నూనె మరిగితే ఇగ పెడలు ఖాళీ. రబ్బరు ఎన్నిమార్లు మార్చినా ఫాయిదా లేదు, నూనె పోసే చెయ్యి మారాలె.

ఎంత స్పష్టంగా చెప్పాడు. నాకు రెండు నెలల్లో పట్టనిది అతని వేలికి రెండు నిమిషాల్లో పట్టింది. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. నూనె పోసేదెవరు? నా పట్టికలో మారని గడి ఒకటే.

వాకిట్లో కురుమూర్తి నిలదీశాడు. పిల్లను సంపుతుంటివి గదరా, ఏం నూనె పోసినవ్, అని. నేను పొయ్యలె అన్నా, అన్నాడు జయరాజు. ఒక్కసారే అన్నాడు. ఇంకెవలు పోస్తరు, అన్నాడు మావాడు. జయరాజు మగ్గం గది వైపు చూశాడు, తర్వాత నా వైపు, తర్వాత నేలకేసి. తప్పు చేసినవాడికి కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తాళంచెవి కిటికీలో పెట్టి పోయాడు.

లోపల మగ్గం చప్పుడు ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలైంది. పోగు తెగి ఉంటుంది.

నిన్న మా ప్రాణం కాపాడింది అతనే. దాన్ని ప్రమాదంలో పెట్టిందీ అతనే. చవక నూనె కోసం. రాత్రి దాకా తిట్టాను. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

14 అక్టోబరు.

ఆయన పొద్దున్నే ఎర్రవల్లి చౌరస్తాలో ఎవరినో కలవాలని బస్సెక్కాడు. బజారుకు పొమ్మంటేనే మోకాళ్ళ నొప్పి అనే మనిషి.

21 అక్టోబరు.

దసరా అయింది. కురుమూర్తే నడుపుకుంటున్నాడు. బ్రేకులు వెన్నలా పడుతున్నాయట. చూసినవా అమ్మా, వాడు పోయిండు, రోగం పోయింది, అన్నాడు. సైన్సులో దీన్నే రుజువు అంటారు.

నా చీర దసరాకు ముందే మగ్గం నుంచి దింపారు. కానీ నాకు రాలేదు. వనపర్తి సేటు చూసి పట్టుబట్టితే ఆయన ఇచ్చేశాడట. ఇంకోటి నేస్తలే, అన్నాడు. సరే అన్నాను.

6 నవంబరు, బుధవారం. పొద్దున పది.

అమావాస్య. క్యాను బయటికొచ్చింది. జకార్డు, మిషను, తలుపులు, సైకిలు. బొట్లు. నేను వరండాలో బియ్యం ఏరుతూ చూస్తున్నాను. వాకిట్లో జీపు ఉంది. దాని పక్కనుంచి గేటు బందులకు పోవాలి. ఆయన అలా పోలేదు. గోడ వెంట, చుట్టూ తిరిగి, కరిచే కుక్కను తప్పించుకున్నట్టు పోయాడు. వచ్చేటప్పుడూ అంతే.

పనిచేసే వస్తువుకల్లా మర్యాద చేసే మనిషి. జీపు పని చెయ్యదా?

పదకొండు.

ఆయన స్నానానికి పోయాక జీపు ఎక్కాను. ఈ వయసులో, చీర ఎగదోపి. ఖాజా చేసినట్టే రేకు ఎత్తాను. నూనె డబ్బా మూత. దాని గాడుల్లో ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకాను. కుంకుమ. పొర మీద పొర.

జయరాజు చర్చికి పోయేవాడు.

పన్నెండు.

గోడ మీది తెలుగు క్యాలెండరు దింపి పట్టిక పక్కన పెట్టాను. ఆగస్టు పది అమావాస్య, పద్నాలుగున పట్టేసింది. సెప్టెంబరు ఎనిమిది, పదమూడున. అక్టోబరు ఏడు, పదకొండున. నేను అన్నీ ఇంగ్లీషు తేదీల్లో రాశాను. ఆయన చెయ్యి తిథుల ప్రకారం నడిచింది. పట్టికలో తిథికి గడి పెట్టలేదు. అమావాస్య మాట ఎత్తింది నా కోడలొక్కతే. ఈ సంగతి ఆమెకు చచ్చినా చెప్పను.

సాయంత్రం నాలుగు.

అడిగాను. అబద్ధం ఆడలేదు. ఎండకాలంల జయరాజే అన్నడు, బ్రేక్ నూనె జర తక్కువైందని, అన్నాడు. నేను పోసిన. అప్పటిసంది అమాసకమాసకు జరంత పోస్తున్న. నూనె నూనేనాయె అనుకున్న. మగ్గానికి పడ్డది బండికి పడదని నాకేం ఎరుక.

అది తప్పు కాదు. తెలియకపోవడం తప్పు కాదని నలభై మంది పిల్లల ముందు రోజూ చెప్పినదాన్ని.

ఎప్పుడు తెలిసింది, అన్నాను. ఖాజా చెప్పిననాడే, అన్నాడు. మరి జయరాజు తాళంచెవి పెట్టి పోతుంటే? ఇరవై అయిదు రోజులు నా ఎదురుగా కూర్చుని చాయ్ తాగాడు. జయరాజును నేను తిడుతుంటే చక్కెర ఎక్కువైందని కప్పు నా వైపు జరిపాడు.

ఎందుకు, అన్నాను. నీ నోటికి భయపడ్డ సుగుణా, అన్నాడు. నిరుడు పాలు పొంగిచ్చిన ముచ్చట మొన్నటి దాక అంటివి. దీన్ని నేను సచ్చేదాక అంటవు.

ద్రవంలో ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది. ఈ ఇంట్లో ఒక దిక్కుకే పోయినట్టుంది. మా ఆయన శాంతమూర్తి అని ఊరంతా చెప్పాను. శాంతం కాదట.

అయినా నా నోటికి భయపడి ఇంకొకడి నోరు నొక్కుతారా?

8 నవంబరు, శుక్రవారం.

ఇటిక్యాలకు బస్సులో పోయాను. ఒక్కదాన్నే.

సత్తెమ్మ గడపలో గిన్నెలు మూటకడుతోంది. మట్టిపని మేస్త్రీ లారీ సాయంత్రం వస్తుందట. నన్ను చూసి లేవలేదు. టీచరమ్మ వచ్చింది, మా ఇంట్ల కుర్చీ లేదు, గా బండ మీద కూసో, అంది. జయరాజు లోపలినుంచి వచ్చి తువ్వాలతో ఆ బండ తుడిచాడు. అది చూడలేకపోయాను.

తప్పు మాది, అని చెప్పాను. ఎరికె, అన్నాడు. ఖాజా మేస్త్రీ మూత తీసినప్పుడే బొట్టు చూసిన. పెద్దసారు దిక్కు చూసిన, చెప్తడనుకున్న. ఆయన మగ్గం నేసుకుంట కూసుండు.

నువ్వెందుకు చెప్పలేదయ్యా, అన్నాను. చెప్తె నమ్ముదురా టీచరమ్మా, అన్నాడు. మీరన్న అడుగుతరనుకున్న. ఎండ రాసుకున్నరు, బరువు రాసుకున్నరు, మైళ్ళు రాసుకున్నరు. నన్ను ఒక్క మాట అడగలె.

కోపంగా అనలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు అన్నాడు.

తిరిగి రమ్మన్నాను. కురుమూర్తితో క్షమాపణ చెప్పిస్తానన్నాను. వద్దు, అన్నాడు. ఇగ నేను బ్రేకు తొక్కినప్పుడల్ల మీరు నా కాలు దిక్కు చూస్తరు. మిమ్ములను చూసుకుంట నేను బండి నడపలేను.

నేను లేచాను. సత్తెమ్మ లోపలికి పోయి ఒక కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మీ సారు తెచ్చిచ్చిండు, ఈయన పని ఇడిసిపెట్టిన రెండొద్దులకు, అంది. నోరు మూసుకొమ్మని కాళ్ళు పట్టుకున్నంత పని చేసిండు. మట్టి మోసేటోల్లకు పట్టు అంచు ఎందుకు? నువ్వే కట్టుకో.

మడత కూడా విప్పలేదు వాళ్ళు. గంధం రంగు. ఎర్ర అంచు.

ఎర్రవల్లిలో బస్సు మారాలి. చౌరస్తాలో నిలబడి మూడు బస్సులు పోనిచ్చాను.

9 నవంబరు.

ఇంట్లో అందరికీ చెప్పాను, నా తప్పుతో సహా. కురుమూర్తి బయటికి పోయాడు. లలితమ్మ ఏడ్చింది. ఆయన భోజనం చేశాడు. చీర సంగతి మాత్రం చెప్పలేదు. నా దగ్గర ఉందని ఆయనకు తెలియదు.

నేను ఒక్క మాట అనలేదు. ఆయన అది చూసి ఇంకా భయపడుతున్నాడు.

6 డిసెంబరు, శుక్రవారం.

అమావాస్య. అన్నిటికీ బొట్టు పెట్టాడు. నూనె వెయ్యలేదు. క్యాను కనిపించక రెండు గదులూ వెతికాడు. అది నా పెట్టెలో ఉంది, గంధం రంగు చీరలో చుట్టి. అడిగితే ఇస్తాను. అడగలేదు. మగ్గం కిర్రుమంటోంది.