ఆముదం డబ్బా మళ్ళీ వచ్చింది

అప్పా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్ళు. పొద్దున్నే మన జీడి ఫ్యాక్టరీ గుమ్మంలో నీ ఆముదం డబ్బా మళ్ళీ కనిపించింది, అందుకే నీ చెల్లెలు ఈ ఉత్తరం రాస్తోంది.

పప్పు తీయడానికి జీడిపిక్కలు కొట్టేటప్పుడు సొన అంటి చేతులు బొబ్బలెక్కకుండా షావుకారే ఆముదం ఇవ్వాలని, యూనియన్ ఒప్పందంలో నువ్వు పట్టుబట్టి రాయించావు కదా. నువ్వు పోయిన నెలకే, మాతో ఒక్క మాటైనా అనకుండా ఆపేశాడు. లేబర్ కోర్టుకు వెళ్ళాం. ఇద్దరూ సంతకాలు పెట్టిన ఒప్పందాన్ని ఒక్కరే మార్చడం చెల్లదని తీర్పు వచ్చింది. నువ్వుంటే పలాస అంతా చెప్పుకు తిరిగేదానివి.

డబ్బా నిండుగా ఉంది. అందరం మోచేతుల దాకా రాసుకుని బల్లల ముందు కూర్చున్నాం. పిక్కల బస్తాలు మాత్రం రాలేదు.

"ఏటి మేస్త్రీ, పిక్కలేవి?" అని నీ పక్క బల్ల మంగమ్మ అడిగింది.

"కోర్టు నూనె ఇమ్మంది, ఇచ్చీసినాం. పిక్కలిమ్మని సెప్పిందేటి?" అన్నాడు మేస్త్రీ, మా వైపు చూడకుండా.

వెనక షెడ్డుకు లోపల గడియ పెట్టి ఉంది. అందులో ఏదో కొత్త మిషను తిరుగుతూ పిక్కలు పగలగొడుతున్న చప్పుడు. చీరలకు జిడ్డు అంటకుండా చేతులు ఎత్తి పట్టుకుని, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.

సాయంత్రం ఇంటికొచ్చి చేతులు చూసుకున్నాను అప్పా. కొత్త సొన మరక ఒక్కటీ లేదు.