పెప్పర్ కరుచుకొచ్చిన బాతు

మేరీలాండ్,
అక్టోబరు

లెనోరాకి,

చలికాలం మీ ఇంటికి వచ్చెయ్యమన్నావు, గది కూడా సర్ది ఉంచానన్నావు. ఫోను ఎత్తనందుకు కోప్పడకు. మీ అక్క పోయాక ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక ఎత్తలేదు.

నువ్వు పంపిన ఉలులతో చెక్కబాతులు చేస్తున్నాను. అసలు బాతుల్ని రప్పించడానికి వేటగాళ్ళు నీళ్ళ మీద వదులుతారే, అవి. మొదటిదాన్ని చూసి పక్కింటి హార్లన్, "ఇది బాతా, నీ పాత బూటా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ బూటులాగే కనిపించింది. అయినా చెక్కుతున్నంతసేపూ ఇల్లు అంత బోసిగా అనిపించదు.

నిన్న కొత్తదాన్ని, తిన్నగా తేలుతుందో లేదో చూద్దామని ఏట్లో వదిలాను. హార్లన్ వేటకుక్క పెప్పర్ నీళ్ళలోకి దూకి, దాన్ని కరుచుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది! కాల్చిన బాతుల్నే తేవాలి, చెక్కబాతుని ముట్టకూడదని ఇక్కడ వేటకుక్కలకు పిల్లప్పుడే నేర్పుతారు కదా. పెప్పర్ ముసలిదైంది గాని ఏనాడూ పొరబడలేదు. హార్లన్ మొహం చూడాలి నువ్వు! "ఒరేయ్, ఊళ్ళో ఎవరికీ చెప్పకురా, నా పరువు పోతుంది" అని బతిమాలాడు. నేను ఒడ్డునే కూలబడి నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

బాతు మెడ మీద పంటిగాట్లు పడ్డాయి. పూడ్చి రంగు వేస్తానన్నాడు హార్లన్. వెయ్యనిస్తానా?

ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్. నేను రాను, నువ్వే రా. వచ్చేటప్పుడు ఇంకాస్త సన్నటి ఉలి తీసుకురా, ఈకలు సరిగ్గా కుదరడం లేదు. ఈసారి అసలు బాతే అనుకుని హార్లనే నీళ్ళలోకి దూకాలి.

మీ బావ