రెస్పాండెంట్ నంబర్ టూ

జూన్ 10, సోమవారం

మధ్యాహ్నం నోటీసు వచ్చింది. నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. తలుపు తీసింది అత్తయ్య. వచ్చినతను మా ఆయన పేరూ నా పేరూ చదివితే, మా పిల్లలే బాబూ, ఇలాగియ్యి అని వేలిముద్ర వేసి తీసుకుందట. ఎండన పడొచ్చావని మజ్జిగ కూడా ఇచ్చింది. కేసు పెట్టింది ఆవిడే. నోటీసు మా మీద.

కాగితంలో అత్తయ్య పిటిషనర్. ఆయన రెస్పాండెంట్ నంబర్ వన్. నేను నంబర్ టూ.

సాయంత్రం ఆయన పోర్టు నుంచి వచ్చి చదివారు. నా మీద కేసెట్టావేటే అమ్మా అన్నారు. నీ మీద కాదురా, తోట కోసం అంది అత్తయ్య. తర్వాత ముగ్గురం ఒకే గిన్నెలోని పప్పుచారు పోసుకుని తిన్నాం.

జూన్ 11, మంగళవారం

ఆనందపురం దగ్గర జీడితోట అత్తయ్యది. రెండేళ్ల క్రితం ఆయన పేర గిఫ్ట్ రాసింది. ఆయన ఇప్పుడు దాన్ని అమ్ముతానని లేఅవుట్ వాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు. అత్తయ్యకి చెప్పలేదు. పోయిన నెల ఆవిడ తోటకి వెళ్తే ఎవరో హద్దురాళ్లు పాతుతున్నారట. మా ఆడపడుచు కూతురు నీలిమ లా చదువుతోంది. అమ్మమ్మ అడిగితే, పెద్దవాళ్ల కోసం ఉన్న చట్టం కింద పిటిషన్ తనే రాసింది.

నీలిమకి ఫోన్ చేశాను. రెస్పాండెంట్ అంటే ముద్దాయా అన్నాను. నవ్వింది. ముద్దాయి కాదత్తా, జవాబు సెప్పాల్సిన మనిషి, అంతే అంది. మరి నా పేరెందుకు రాశావన్నాను. మామయ్య ఒక్కడికే పంపితే ఇంట్లో నీకు కాగితం కూడా సూపించడు గదత్తా అంది.

తెలుగులో ప్రతివాది అంటారట. నాకు వాదించడానికేం ఉంది? రిజిస్ట్రేషన్ రోజు నేను అక్కడే ఉన్నాను. వేలిముద్ర వేసే ముందు అత్తయ్య ఆగింది. నువ్వున్నన్నాళ్లూ తోట అమ్మనమ్మా, పంట నీదే అన్నారు ఆయన. అప్పుడు వేసింది. విన్నది మేం ముగ్గురమే.

జూన్ 15, శనివారం

నేనేం చెప్పాలో ఆయన చెప్పారు. అమ్మని బాగా చూసుకుంటున్నాం. మాట ఏమీ ఇవ్వలేదు. ఇవి రెండే.

మొదటిది నిజం.

జూన్ 16

నిద్ర పట్టలేదు.

జూన్ 22, శనివారం

ఆరోగ్యం సర్వే అని ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ట్యాబ్. నలభై దాటిన ఆడవాళ్లని అడుగుతారట. రెస్పాండెంట్ మీరేనా ఆంటీ అంది. కేసు గురించేమో అనుకున్నాను. ఆ మాట ఇలాంటి వాటికీ వాడతారన్నమాట. ఇందులో తప్పూ లేదు, తగాదా లేదు.

రోజుకి ఎన్ని గంటలు పడుకుంటారని అడిగింది. ఎనిమిది అన్నారు ఆయన, పేపరు దించకుండా. ఆ అమ్మాయి ట్యాబ్ మీద నొక్కలేదు. ఆంటీనే చెప్పాలి అంకుల్, మీరు చెప్తే చెల్లదు అంది. మొగుణ్ని, నాకు తెలీదేటి అన్నారు. ఆ అమ్మాయి నా వైపే చూస్తూ కూర్చుంది.

నాలుగు అన్నాను. ఆయన పేపరు దించారు.

జూలై 2, మంగళవారం

విచారణ అయింది.

ఆర్డీవో ఆఫీసుకి ఒకే ఆటోలో వెళ్లాం, పిటిషనరూ రెస్పాండెంట్లూ. అత్తయ్య బీపీ మాత్రలూ, మంచినీళ్లూ నా సంచిలో. దారిలో వాన పడితే ఆయన తన తువ్వాలు తీసి వాళ్లమ్మ తల మీద వేశారు.

అక్కడ లాయర్లెవరూ లేరు. ఆఫీసరే అడిగారు. ఆయన ఆ రెండు మాటలూ చెప్పారు. అన్నం పెడుతున్నారా అని అత్తయ్యని అడిగితే, అన్నం బాగానే ఎడతన్నారు బాబూ, నానడిగింది అన్నం కాదు అంది.

తర్వాత నన్ను పిలిచారు. నాదీ మా ఆవిడదీ ఒకటే మాటండి అన్నారు ఆయన. ఆవిడ్ని చెప్పనివ్వండి అన్నారు ఆఫీసరు.

నువ్వున్నన్నాళ్లూ తోట అమ్మనమ్మా, పంట నీదే అన్నారండి అన్నాను. ఎవరన్నారు అని అడిగారు. ఆయన అన్నాను. ఆయనంటే ఎవరు, పేరు చెప్పండి, రాసుకోవాలి అన్నారు.

పెళ్లయి ముప్ఫై ఏళ్లు. ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు. మా అమ్మ కూడా మా నాన్న పేరు పలకలేదు. గుళ్లో అర్చన చేయించినా పక్కవాళ్లతోనే చెప్పిస్తాను. పక్కకి చూశాను. అత్తయ్య తల దించుకుంది. నీలిమ బయట వరండాలో ఉంది. ఆఫీసరు పెన్ను పట్టుకుని ఉన్నారు.

రెస్పాండెంట్ నంబర్ వన్ అన్నాను.

గుమాస్తా కిసుక్కుమన్నాడు. ఆఫీసరు నవ్వలేదు. రాసుకున్నారు.

ఆయన మాతో ఆటో ఎక్కలేదు. వానలోనే బస్టాపు వైపు వెళ్లిపోయారు.

జూలై 3, బుధవారం

పొద్దున్న కాఫీ ఇస్తే అత్తయ్య తీసుకోలేదు. మొగుణ్ని నంబరెట్టి పిలుత్తావేటే, నా కొడుకేటి, జైల్లో దొంగా అంది. మీరు పెట్టిన కేసే కదత్తయ్యా అన్నాను. నాను తల్లిని, ఎడతాను, నువ్వెవురివే నలుగుర్లో నా కొడుకు పరువు తియ్యడానికి అంది. అబద్ధం చెప్పమంటారా అని అడిగాను. నిజం సెప్పొద్దన్నానేటి, ఇంకోలాగ సెప్పాలి అంది.

ఇంకోలా ఎలాగో చెప్పలేదు.

నీలిమ ఫోన్ చేసి, గెలిపించేశావత్తా అంది. పెట్టేశాను.

జూలై 19, శుక్రవారం

ఆయన నాతో మాట్లాడటం లేదు. కావలసినవి వాళ్లమ్మకి చెప్తున్నారు. ఆవిడ గోడకి చెప్తుంది. నేను అందిస్తున్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

ఆర్డర్ వచ్చింది. గిఫ్ట్ రద్దు. తోట అత్తయ్యదే.

ముగ్గురికీ వండాను. ఆయన తినలేదు. కొడుకు తినలేదని అత్తయ్య తినలేదు.

నేను తిన్నాను.