ఆగస్టు గడి

పన్ను కాగితాలు బల్ల మీద పెట్టాను. ఈరోజే ఆఖరు తేదీ, రాగానే సంతకం చేసి పంపేయండి. ఇంట్లో ఎవరికి ఏయే నెలల్లో ఆరోగ్య బీమా ఉందో చూపించే పేజీలో అత్తయ్యకు మీరు జూలై దాకానే టిక్కు పెట్టారు. బీమా వాళ్ల కాగితంలో ఆగస్టు కూడా ఉంది. వాళ్లదే తప్పని మీరు రాసిన ఫిర్యాదు చించేసి, ఆగస్టు గడిలోనూ టిక్కు పెట్టండి. నెలలో ఒక్క రోజు బీమా ఉన్నా ఆ నెలంతా ఉన్నట్టేనట.

మరణ ధ్రువపత్రం బీరువాలో ఉంది. మీరింతవరకూ విప్పి చూడలేదు. అందులో తేదీ ఆగస్టు ఒకటి.

జూలై ముప్పై ఒకటి మధ్యాహ్నం ఫోన్లో నేను "అయిపోతోందండీ" అన్నాను. మీరు "అయిపోయింది" అని విన్నారు. ఇక తొందరేముందని పని ముగించుకుని మర్నాడు వచ్చారు. మీ ఏడుపు చూశాక దిద్దడానికి నాకు నోరు రాలేదు. ఈ కాగితం అడక్కపోతే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు.

నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఎనిమిదింటికి వస్తాను.

తెల్లవారుజామున పోయేదాకా ఆవిడ "వాడు బయల్దేరాడా" అని అడుగుతూనే ఉన్నారు. దారిలో ఉన్నాడని చెప్పాను.