దూరపు ఫోను తీయించాలా

డులూత్, సోమవారం

సిగ్రిడ్, నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను.

ఫోను కంపెనీ అమ్మాయి అడిగింది: "ఏప్రిల్ నుంచి మీ ఇంట్లోంచి బయటి ఊళ్లకి ఒక్క కాల్ కూడా వెళ్లలేదు సార్. ఆ సౌకర్యం తీసేయమంటారా?" అమ్మ పోయింది అప్పుడే. ఆదివారాలు నీకు చేసేది తనే కదా. ఆలోచించి చెప్తానన్నాను.

కిందటి నెల నువ్వు చేసినప్పుడు అలవాటుగా "ఉండమ్మా, అమ్మని పిలుస్తా" అనేశాను. వంటింటి గుమ్మం దాకా వెళ్లాకగానీ గుర్తు రాలేదు. తిరిగొచ్చేసరికి నువ్వు పెట్టేశావు. మళ్లీ చేయలేదు. నాకు భయంగా ఉంది.

పాప దగ్గు తగ్గిందా? అమ్మ చేసిన ఆపిల్ జామ్ మూత తీశాక ఎన్నాళ్లుంటుంది?

ఫోను తీయించను. ఈ ఆదివారం చర్చి నుంచి రాగానే నేనే చేస్తాను. ఏం మాట్లాడాలో తెలియదు. నువ్వు మాత్రం ఎత్తు.

అందరికీ ఆశీస్సులతో,
నాన్న