నిదానంగా వస్తున్న ఆటో

లింగన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఎమ్మిగనూరు రోడ్డులో నీ ఆటో బోల్తాపడిన చోట గుంత పూడ్చి, దానిమీదే స్పీడ్ బ్రేకర్ వేశారు. ఏడాదిగా లేని తొందర ఇప్పుడెందుకో!

మన వైపు బండెక్కే వాళ్లందరికీ ‘నిదానంగా పో’ అంటాం. ప్రమాద వార్తలో మాత్రం మా విలేకరులం ఆ మాట రాయం. పోలీసులు అతివేగమన్నారు, నేనూ అదే రాశాను.

ఆ రోజు నీ ఆటోలో ఉన్న, మగ్గం నేసే నాగమ్మను నిన్న కలిశాను.

“యాడిది వేగమప్పా? బిరీన పోన్నా అని నేనే తిట్టినా. ‘నిదానమక్కా, ముందర గుంతుంది’ అనినాడు. ఎదురొచ్చిన లారీకి దారిచ్చేలోపల చక్రం గుంతలో పడె.”

“పోలీసులకు చెప్పలేదా?”

“ఎవురడిగినారు? నువ్వడిగినావా?”

సవరణ రాసి పంపాను. ‘నిదానంగా వస్తున్న ఆటో’ అని మొదలుపెట్టాను. డెస్కు ఆ మాట ఉంచుతుందని రేపటి పేపరు చూస్తేగానీ నమ్మను.