నిమ్మాకు సీసాలో కందిరీగలు

1958 జూన్ 22, ఆదివారం

ఇందుమూలముగా ఈ వసారా ప్రజలందరికీ, అనగా నాకూ, కుక్కిమంచానికీ, దాని కింద పడుకునే మేకకూ చాటడమేమనగా: నేటినుంచి నా కళ్ళజోడు బైబిలు చదవడానికి కాక నిమ్మాకులు చదవడానికి వాడబడును. అభ్యంతరం ఉన్నవారు మేకతో చెప్పుకోవలెను.

అక్క పెరట్లో మూడు నిమ్మచెట్లకీ పాముపొడ. లేతాకు లోపలే పురుగు దూరి, తొలుచుకుంటూ పోయింది. పైన వెండి గీతలు, నత్త నడిచినట్టు. ఆకులన్నీ ముడుచుకుపోయాయి.

బావ పోయాక ఆ కాయలే అక్కకి కూడు. ఆ కూడే నాకూ... రాయడం దేనికి.

జూన్ 24

అక్క మరిది దావీదు కంచె అవతల తన చెట్లకి డి.డి.టి. కొట్టాడు. పిండిలో దొర్లినట్టున్నాయి. "వదినా, ఇంకాస్త పొడి రానీ. ఈ శనివారం కాక పై శనివారం మీ చెట్లకీ కొట్టేస్తాను." అక్క సరేనంది.

జూన్ 25

అక్క చెట్టు ఆకులు కొన్ని తెంపి సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టాను. పురుగుకి రెక్కలొచ్చాక దావీదు కాఫీలో వేద్దామని. అంతకుమించి ఉద్దేశం లేదు.

జూలై 1

సీసాలో వెండిరెక్కల పురుగు ఒక్కటే. మిగతావన్నీ కందిరీగలు! వీటి పక్కన పెడితే నువ్వుగింజ ఏనుగు.

సూదితో ఇంకో ఆకు గీత విప్పాను. పురుగు లేదు, తొక్క ఉంది. ఆ తొక్క పక్కనే కందిరీగ పిల్ల, ఇంకా రెక్కలు రానిది, బలిసి. ఇంకొకళ్ళింట్లో చేరి ఇంటివాణ్ణే తిని పెరగడం. చదువుతుంటే ఎవరో తెలిసినవాడి కథలా ఉంది. నేనీ వసారాలో చేరి ఎన్నేళ్ళయింది?

ఆకు లోపలున్న పురుగుకి పొడి తగలదు. బయట తిరిగే ఇవే చస్తాయి. అక్కతో చెప్పాను.

"పాదిరిగారు భోజనానికొస్తున్నారని ఉన్న ఒక్క పెట్టనీ కోయించావు. ఇప్పుడు కందిరీగలొస్తున్నాయా?"

"ఈసారి నిజమే అక్కా..."

"ఆ రోజూ ఇదే అన్నావురా."

ఆ పాదిరిగారు రానేలేదు; పెట్టని అక్కా నేనూ దావీదూ, ముగ్గురం తిన్నాం. నవ్వుతూనే తిన్నాం. ఇన్నాళ్ళకి అరిగింది.

జూలై 3

బందరు వెళ్ళొచ్చాను. బస్సులో చల్లపల్లి దాకా నిలబడే. సీసా ఒళ్ళంతా చెమట, నాలాగే.

వ్యవసాయ ఆఫీసులో ఆఫీసరుగారు, బట్టతల, మెత్తటి మనిషి, సీసాని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. "పొడి కొట్టించకండి. ఈ కందిరీగలే మీ అక్కగారికి మందు. కొత్త చిగురు వచ్చేదాకా ఓపిక పట్టండి" అన్నారు. టీ కూడా తెప్పించారు.

ఇంటికొచ్చి చెప్పాను. అక్క ముఖం విప్పారింది. "ఆఫీసరుగారన్నారా! అయితే సరే."

మొన్న నేనన్నదీ అదే.

జూలై 5

దావీదు పంపు భుజాన తగిలించుకుని వచ్చాడు. అక్క గుమ్మంలోనే ఆపింది.

"వద్దయ్యా. బందరు ఆఫీసరుగారు వద్దన్నారు."

"ఎవరికి చెప్పారు, వీడికా?"

"వీడికే. టీ ఇచ్చి మరీ."

దావీదు నావైపు చూశాడు. నేను మేకని చూశాను.

జూలై 9

వాన.

జూలై 12

రెండు పెరళ్ళలోనూ చిగుళ్ళు. అక్క చెట్లకి అక్కడక్కడా గీతలు మొదలయ్యాయి. కందిరీగలు వాటిని వెతుక్కుంటాయో లేదో... దావీదు చిగుళ్ళు నున్నగా మెరుస్తున్నాయి.

"ఏం బావా, నీ కందిరీగలు ఉపవాసమా?"

అక్క ఒక ఆకు తిప్పి చూసి, "ఆఫీసరుగారు చెప్పారుగా" అంది, చెట్టుకి ధైర్యం చెబుతున్నట్టు.

కాపు పోతే ఆవిడ ఏం తింటుంది?

జూలై 13, ఆదివారం

ఆరాధన నుంచి రాగానే అక్క నిమ్మకాయ పచ్చడి జాడీకి గుడ్డ కట్టింది. ఆఫీసరుగారికట. "రేపు నేనూ వస్తానురా. అంత పెద్దమనిషి నీలాంటివాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాడంటే దండం పెట్టి రావాలి. మన కోతపండక్కి కూడా పిలుస్తాను." మంచి చీర తీసి మంచం మీద పెట్టింది.

కందిరీగలు నిజం. తొక్క నిజం. బందరు బస్సు నిజం. ఆఫీసు మెట్లదాకా వెళ్ళడమూ నిజం. ఆ మెట్ల మీదే కూర్చున్నాను, సీసా ఒళ్ళో పెట్టుకుని. లోపలికెళ్ళి ఎలా మొదలెట్టాలో తెలియలేదు. అట్నుంచటే తిరుగు బస్సెక్కాను.

బట్టతల, కిటికీ, టీ... ఇక్కడ కూడా అబద్ధమే రాశాను. ఆ ఆఫీసరు లేడు.